బావ టర్మ్ పాలసీ డబ్బు ఇప్పుడే తీసుకోవచ్చా? ఆయనకు చెప్పకుండా కుదురుతుందా?

గాజువాక తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా పెద్దక్క భర్త గురించి అడుగుతున్నాను. వయసు 44. ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో సూపర్‌వైజర్. పాంక్రియాస్ క్యాన్సర్, లివర్‌కి పాకింది, స్టేజ్ 4 అన్నారు. కీమో నడుస్తోంది. డాక్టరు గారు నన్నూ అక్కనూ విడిగా పిలిచి, ఇక నెలల్లోనే లెక్క అని చెప్పారు. బావకి క్యాన్సర్ అని తెలుసు. ఎంత టైమ్ ఉందో మాత్రం తెలీదు. చెప్పొద్దని అక్క ఒట్టు వేయించుకుంది.

మా దగ్గర ఉన్నవి ఇవి. 2009లో పెళ్లికి ముందు తీసుకున్న ఎల్‌ఐసీ జీవన్ ఆనంద్, 5 లక్షలది. 2019లో ఆన్‌లైన్‌లో తీసుకున్న ప్రైవేట్ కంపెనీ టర్మ్ పాలసీ (మనిషి పోతే డబ్బు వచ్చేది), 50 లక్షలది. పీఎఫ్ ఉంది. కూర్మన్నపాలెం ఫ్లాట్ మీద హౌసింగ్ లోన్ ఉంది. పిల్లలిద్దరు. పెద్దది ఇంటర్, చిన్నవాడు ఏడో తరగతి.

తెలిసిన ఏజెంటు ఒకాయన ఎల్‌ఐసీ సరెండర్ చేసేయమంటున్నారు, అంటే పాలసీని మధ్యలోనే మూసేస్తే చేతికి డబ్బు వస్తుంది కదా అని. ఆ టర్మ్ పాలసీ కాగితాలు నిన్న రాత్రి చదువుతుంటే "టర్మినల్ ఇల్‌నెస్ బెనిఫిట్" అని ఒక పేరా కనిపించింది. మనిషి బతికుండగానే ఇస్తారా నిజంగా? ఇస్తే బావకి తెలియకుండా అక్క సంతకంతో పెట్టుకోవచ్చా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో అందరం చాలా టెన్షన్‌లో ఉన్నాం.

పాత డీఓ:
తమ్ముడూ, ముందు ఒక్క మాట. సరెండర్ ఫారం మీద ఎవరూ సంతకం పెట్టకండి. నేను ఎల్‌ఐసీలో డెవలప్‌మెంట్ ఆఫీసరుగా చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇలాంటి టైములో సరెండర్ చేసిన కుటుంబాలను చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

లెక్క చూడండి. బాండు మీద ప్లాన్ నంబరు 149 ఉంటే అది పాత జీవన్ ఆనంద్. బీమా మొత్తం 5 లక్షలు, ఇన్నేళ్ల బోనసు ఒక 3 లక్షలు చేరిందనుకుందాం. ఇవాళ సరెండర్ చేస్తే 4 లక్షలు ఇస్తారనుకుందాం. (ఇవి అర్థం కావడానికి వేసిన అంకెలు. అసలువి బ్రాంచిలో ప్రింటు తీసి ఇస్తారు.) సరెండర్ చేస్తే ఆ 4 లక్షలతో కథ ముగిసింది. అదే పాలసీ మీద లోన్ అడిగితే, ప్రీమియం నడుస్తున్న పాలసీకి సరెండర్ విలువలో 90 శాతం దాకా, అంటే 3 లక్షల 60 వేలు ఇస్తారు. పాలసీ బతికే ఉంటుంది. రేపు జరగరానిది జరిగితే 8 లక్షల్లోంచి లోనూ వడ్డీ పట్టుకుని మిగతాది నామినీకి ఇస్తారు. వడ్డీ 9, 10 శాతం మధ్య ఉంటుంది, అర్ధ సంవత్సరానికోసారి కలుస్తుంది. కొన్ని నెలల వడ్డీకి భయపడి 4 లక్షలు వదులుకోవడం ఏ విధంగా చూసినా తప్పు.

లోనుకు కావలసింది 5196 ఫారం, ఒరిజినల్ బాండు, క్యాన్సిల్ చేసిన చెక్కు, ఆధార్, పాన్. బాండు వాళ్ల దగ్గరే పెట్టుకుంటారు. ఏ బ్రాంచిలో పాలసీ పుట్టిందో ఆ బ్రాంచికి వెళ్తే పని తొందరగా అవుతుంది.

రెండోది. ప్రీమియం ఒక్క వాయిదా కూడా తప్పకూడదు, ఎల్‌ఐసీదైనా టర్మ్‌దైనా. టర్మ్ పాలసీ ల్యాప్స్ అయితే, అంటే ప్రీమియం కట్టక ఆగిపోతే, ఈ ఆరోగ్యంతో మళ్లీ రివైవ్ చేయరు. ఆస్పత్రి హడావిడిలో ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగిపోయిన కేసులు ఎన్నో ఉన్నాయి. ఎల్‌ఐసీ పాలసీలో కాస్త ఊరట ఉంది. కనీసం మూడేళ్లు పూర్తిగా కట్టి ఉంటే, కట్టని మొదటి వాయిదా నుంచి 6 నెలల లోపు, అయిదేళ్లు కట్టి ఉంటే 12 నెలల లోపు మరణించినా పూర్తి మొత్తం ఇచ్చే వెసులుబాటు ఉంది. దాన్ని నమ్ముకుని మానేయమని కాదు నేను చెప్పేది.

ఇంట్లో పాత ట్రంకు పెట్టెలు కూడా ఓసారి తెరవండి. మీ బావగారి నాన్నగారు ఆయన చిన్నప్పుడు ఏదైనా పాలసీ వేసి ఉండొచ్చు. 1990ల్లో ఎల్‌ఐసీకి ఆశాదీప్ అనే ప్లాన్ ఉండేది. క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీ ఫెయిల్యూర్, బైపాస్ అవసరమైన గుండెజబ్బు, ఈ నాలుగింటిలో ఏది వచ్చినా బీమా మొత్తంలో సగం వెంటనే ఇచ్చేవారు. ఇంట్లో అలాంటి బాండు ఉందని తెలియక క్లెయిమ్ చేయనివాళ్లు ఉన్నారు.

బీమా చదువరి (సీతమ్మధార):
డీఓ గారు ఎల్‌ఐసీ సంగతి చెప్పేశారు, నేను టర్మ్ పాలసీ గురించి రాస్తాను.

అవును, బతికుండగానే ఇస్తారు. మరణానంతరం రావలసిన డబ్బునే ముందుకు జరిపి ఇవ్వడం ఇది, అదనంగా వచ్చే డబ్బు కాదు. 50 లక్షలూ ఇప్పుడు తీసుకుంటే పాలసీ అక్కడితో ముగుస్తుంది, తర్వాత అక్కకి ఆ కంపెనీ నుంచి ఇంకేమీ రాదు. కొన్ని పాలసీల్లో ముందుగా ఇచ్చేదానికి పరిమితి పెడతారు. అప్పుడు మిగతాది డెత్ క్లెయిమ్‌గా వస్తుంది. మీ బాండులో ఆ పేరా పూర్తిగా చదివి పరిమితి ఉందో లేదో చూడండి.

ఎక్కువ పాలసీల్లో షరతు ఒకటే: జబ్బు వల్ల 6 నెలల లోపు ప్రాణం పోవచ్చని, ఆ జబ్బులో నిపుణులైన ఇద్దరు డాక్టర్లు, ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లు, రాసి ఇవ్వాలి. కంపెనీ కావాలంటే తన తరఫు డాక్టరుతో మళ్లీ చూపించుకోవచ్చు. డబ్బు ఇచ్చాక మనిషి అంతకన్నా ఎక్కువ కాలం బతికితే వెనక్కి అడగరు. క్లెయిమ్ నలుగుతుండగానే పోతే అది మామూలు డెత్ క్లెయిమ్ అయి నామినీకి వెళ్తుంది. అంటే అప్లై చేయడం వల్ల నష్టం లేదు. క్లెయిమ్ ఒప్పుకునేదాకా ప్రీమియం మాత్రం కడుతూనే ఉండాలి.

క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్ (తీవ్రమైన జబ్బులకు పాలసీతో జోడించే అదనపు కవర్) అని ఏదైనా ఉందా, అదీ చూడండి. అది వేరే. దానికి 6 నెలల షరతు ఉండదు. పాలసీలో రాసిన తీవ్రతతో క్యాన్సర్ నిర్ధారణ అయితే చాలు. తీసుకున్న మొదట్లో కొన్నాళ్లు వెయిటింగ్ పీరియడ్, నిర్ధారణ తర్వాత కొన్ని రోజులు బతికి ఉండాలన్న నిబంధన ఉంటాయి. 2019 పాలసీకి వెయిటింగ్ ఎప్పుడో దాటిపోయింది. ఈ రైడర్లు రెండు రకాలు. ఒకటి అసలు బీమాలోంచి ముందుగా తీసి ఇచ్చేది, రెండోది విడిగా అదనంగా ఇచ్చేది. రెండో రకమైతే అక్క 50 లక్షలకు ఏ లోటూ రాదు. కాబట్టి ముందు అది.

మీకు ధైర్యం ఇచ్చేది ఒకటి. పాలసీ మొదలై మూడేళ్లు దాటింది కాబట్టి బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాత సిగరెట్ అలవాటు దాచారనీ, షుగర్ చెప్పలేదనీ ఇప్పుడు దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు.

ఇక మీ రెండో ప్రశ్న. కుదరదు. పాలసీ ఆయనది, ఆయన బతికి ఉన్నారు, క్లెయిమ్ చేసేది ఆయనే. ఫారం మీద సంతకం ఆయనది, డబ్బు పడేది ఆయన ఖాతాలో. అక్క నామినీ మాత్రమే. నామినీకి హక్కు మొదలయ్యేది ఆయన తర్వాతే.

కంచరపాలెం కుర్రాడు:
నా అభిప్రాయం వేరు. అసలు తీసుకోవద్దంటాను. 50 లక్షలు చేతిలోకి వచ్చాయని బంధువులకి తెలిస్తే ఒకరు చెన్నై అంటారు, ఒకరు హైదరాబాద్ అంటారు, ఒకరు ఏదో కొత్త ఇంజెక్షన్ అంటారు. కాదనే ధైర్యం ఎవరికి ఉంటుంది? "డబ్బు ఉండి కూడా చేయించలేదు" అనే మాట అక్కకి జీవితాంతం అంటుకుంటుంది. మా బాబాయి విషయంలో ఇల్లు అమ్మిన డబ్బు అలాగే కరిగిపోయింది. పిన్ని ఇప్పటికీ అద్దె ఇంట్లో ఉంటోంది, పిల్లలు డిప్లొమాతో ఆపేశారు. పాలసీలో ఉన్నంతకాలం ఆ డబ్బుని ఎవరూ ముట్టుకోలేరు. పిల్లల కోసం ఆయన కట్టిన డబ్బు అది, వాళ్లకే మిగలనివ్వండి. వైద్యం ఎన్టీఆర్ వైద్య సేవ మీద చేయించండి. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, టాటా మెమోరియల్ వాళ్లది. కూర్మన్నపాలేనికి పక్కనే.

మధురవాడ అక్క:
కంచరపాలెం తమ్ముడి భయం నిజమైనదే. అయినా ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి నేను చెప్పాలి.

మా ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆఖరి దశలో మేము ఈ టర్మినల్ ఇల్‌నెస్ క్లెయిమ్ తీసుకున్నాం. మొదట నేనూ ఆయనకి చెప్పలేదు. ఫారం సంగతి తెలిశాక చెప్పక తప్పలేదు. మా మరిది, నేను కూర్చుని చెప్పాం. ఆ రాత్రి ఎవరం అన్నం తినలేదు. మర్నాడు పొద్దున ఆయనే ఫారం తెమ్మన్నారు. డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని పెద్దక్షరాలతో ఒక్కో గడీ నింపారు. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో నేను సున్నా బదులు ఇంగ్లిషు 'ఓ' రాశానని కొట్టేసి పక్కన సంతకం పెట్టారు. "ఏడవడం తర్వాత, దీని మీద తడి పడితే మళ్లీ రాయాలి" అన్నారు. బ్యాంకు క్యాషియరు ఆయన.

డబ్బు వచ్చాక ఎలా వాడాలో ఆయనే ఒక తెల్లకాగితం మీద రాశారు. ముందు ఇంటి లోన్ మూసేశారు. పత్రాలు బ్యాంకు నుంచి తెచ్చి నా చేతికి ఇచ్చారు. అమ్మాయి పేరు మీద కొంత ఫిక్స్‌డ్ వేశారు. వైద్యానికి ఇంత, అంతకు మించి ఒక్క రూపాయి కూడా వద్దని అంకె వేసి దాని కింద సంతకం చేశారు. తర్వాత మా ఆడపడుచు వాళ్లు ఇంకో ఊరు తీసుకెళ్దామన్నప్పుడు నేను వాదించాల్సిన అవసరం రాలేదు. ఆ కాగితం చూపించాను. ఆయన మాట అది, నాది కాదు.

కాబట్టి తమ్ముడూ, డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది మీరూ అక్కా తేల్చే విషయం కాదు. ఆయన డబ్బు, ఆయన పిల్లలు, ఆయన ఇల్లు. ఆయన్ని పక్కన పెట్టి మీరు రహస్యంగా మాట్లాడుకుంటుంటే, ఆ ఇంట్లో చివరి నెలలు ఆయన ఒక్కడే గడపాల్సి వస్తుంది.

ఒక పని వెంటనే చేయండి. డబ్బు పడే ఖాతాని అక్కతో జాయింట్‌గా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించండి. ఆయన ఒక్కడి పేరు మీద పడి, తర్వాత ఏదైనా అయితే ఆ డబ్బు కోసం మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగాలి.

పెందుర్తి సిస్టర్:
క్యాన్సర్ వార్డులో నర్సుగా చేస్తున్నాను. మధురవాడ అక్క చెప్పినదానికి నా వైపు నుంచి కొంచెం కలుపుతాను.

మన దగ్గర ఇంటివాళ్లు వార్డు బయటే మమ్మల్ని ఆపి "సిస్టర్, ఆయనతో ఏమీ అనకండి" అంటారు. ప్రేమతోనే అంటారు. లోపలికి వెళ్తే పేషెంటు మెల్లగా అడుగుతారు, "అమ్మా, మా అబ్బాయికి ఫీజు కట్టే టైమ్‌కి నేను లేచి తిరుగుతానా?" అని. నేరుగా అడగలేక అలా అడుగుతారు. మేం ఏం చెప్పాలి?

చెప్పేటప్పుడు "ఆరు నెలలే" అని అంకె పెట్టాల్సిన పని లేదు. ఏ డాక్టరూ రోజులు లెక్కపెట్టి చెప్పలేరు. "జబ్బు తగ్గే దశ దాటింది, నొప్పి లేకుండా చూస్తాం, సర్దుకోవలసినవి ఇప్పుడే సర్దుకుందాం" అంటే చాలు, మిగతాది ఆయనే అడుగుతారు. అడిగినంత వరకే చెప్పండి. మీకు నోరు రాకపోతే డాక్టరు గారినే చెప్పమనండి, పక్కన అక్క కూర్చోవాలి. పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉన్న ఆస్పత్రుల్లో ఈ మాటలు చెప్పడంలో శిక్షణ ఉన్నవాళ్లు ఉంటారు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు కూడా వాళ్ల దగ్గరే సరిగ్గా దొరుకుతాయి. నొప్పితో మెలికలు తిరిగే మనిషి చేత ఏ కాగితం మీదా సంతకం అడగకూడదు. ముందు నొప్పి తగ్గాలి.

సర్టిఫికెట్ దగ్గర ఒక చిక్కు వస్తుంది. డాక్టర్లు "ఆరు నెలలు" అని రాయడానికి వెనకాడతారు. "గార్డెడ్ ప్రోగ్నోసిస్" అని, అంటే ఏమవుతుందో గట్టిగా చెప్పలేమన్నట్టు రాసి ఇస్తారు, కంపెనీ దాన్ని తిప్పి పంపుతుంది. పాలసీలోని ఆ పేరా జిరాక్స్ తీసి డాక్టరు గారికి చూపించండి. స్టేజ్, ఎక్కడెక్కడికి పాకింది, ఇప్పటిదాకా ఏ కీమో ఇచ్చారు, దానికి జబ్బు లొంగిందా లేదా, పేషెంటు ఎంతవరకు తన పని తాను చేసుకోగలుగుతున్నాడు, ఆ తర్వాత ఆయుర్దాయం గురించి పాలసీ భాషలోనే ఒక వాక్యం. ఇవన్నీ ఉంటే ఇక ప్రశ్నలు రావు.

డాలస్‌లో వైజాగ్ వాడు:
అక్కయ్యపాలెం నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డాను. ఇక్కడ దీన్ని యాక్సిలరేటెడ్ డెత్ బెనిఫిట్ అంటారు. 1996లో వచ్చిన హిపా చట్టం తర్వాత, 24 నెలల లోపు మరణం సంభవించవచ్చని డాక్టరు ధ్రువీకరిస్తే ఆ డబ్బు మీద ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. ఆరు నెలలకీ ఇరవై నాలుగు నెలలకీ ఎంత తేడానో చూడండి. అయితే ఇక్కడ కూడా ఒక్కో కంపెనీ తన పాలసీలో 6, 12, 24 ఇలా వేర్వేరు గడువు పెట్టుకుంటుంది.

ఇక్కడ ఇంకో దారి కూడా ఉంది. 1980ల చివర్లో ఎయిడ్స్‌తో చనిపోతున్న కుర్రాళ్లకి మందులకు డబ్బు లేక, పాలసీలను తక్కువ ధరకి బయటివాళ్లకి అమ్ముకోవడం మొదలైంది. దాన్ని వయాటికల్ సెటిల్‌మెంట్ అంటారు. కొన్నవాడు ప్రీమియం కట్టుకుంటూ, మనిషి పోయాక మొత్తం తీసుకుంటాడు. ఇండియాలో అలా కుదురుతుందా?

బీమా చదువరి (సీతమ్మధార):
అలాంటి మార్కెట్ మన దగ్గర లేదు. పాలసీని ఇంకొకరికి రాసివ్వడం, అంటే అసైన్‌మెంట్, 38వ సెక్షన్ కింద ఉంది. కానీ పాలసీల వ్యాపారం కోసం చేసినదని అనిపిస్తే కంపెనీ తిరస్కరించవచ్చని 2015 సవరణలో పెట్టారు. కాబట్టి "మీ బావ పాలసీ కొంటాం, ఇప్పుడే 20 లక్షలిస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

పన్ను సంగతి కూడా ఒక్క ముక్కలో. 50 లక్షల టర్మ్ పాలసీకి కట్టే ప్రీమియం బీమా మొత్తంలో చాలా చిన్న భాగం. జీవిత బీమా సొమ్ముకు ఉన్న మినహాయింపు దీనికి వర్తిస్తుంది. ఆ బెంగ వద్దు. ఫిక్స్‌డ్ వేస్తే వచ్చే వడ్డీకి మాత్రం పన్ను ఉంటుంది.

హెచ్‌ఆర్ షీలానగర్:
ఎవరూ ఉద్యోగం గురించి అడగలేదు, అందుకే రాస్తున్నాను. తమ్ముడు గారూ, మీ బావగారు రాజీనామా చేయలేదు కదా? చేయనివ్వకండి. ఆటోనగర్, పరవాడ వైపు చిన్న యూనిట్లలో "ఎలాగూ రాలేడు కదా, సెటిల్ చేసుకో" అని రాజీనామా రాయించుకుంటుంటారు. సెలవులు అయిపోతే జీతం లేని సెలవైనా పెట్టించండి, పేరు రోల్స్ మీద ఉండాలి.

కారణం ఇది. పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ ఈడీఎల్‌ఐ అనే బీమా ఉంటుంది, ఉద్యోగి జేబులోంచి పైసా కట్టనక్కర్లేదు. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే గరిష్ఠంగా 7 లక్షలు వస్తాయి. రాజీనామా చేస్తే అది పోయినట్టే. కంపెనీ గ్రూప్ టర్మ్ పాలసీ ఏదైనా ఉంటే అదీ అంతే. పీఎఫ్ పింఛను పథకంలో భార్యకి వితంతు పింఛను, ఇద్దరు పిల్లలకి 25 ఏళ్లు వచ్చేదాకా పింఛను ఉంటుంది. డబ్బు అవసరమని పింఛను వాటా కూడా ఇప్పుడే విత్‌డ్రా చేస్తే ఆ హక్కు పోతుంది. వైద్యానికి కావలసిన డబ్బు పీఎఫ్‌లోంచి ఫారం 31 మీద అడ్వాన్సుగా తీసుకోవచ్చు. ఈ-నామినేషన్ కూడా ఆయన ఫోన్‌కి ఓటీపీ వచ్చేటప్పుడే పూర్తి చేయించండి.

బ్యాంకు పాస్‌బుక్కులో మే నెలాఖరులో 436 రూపాయలు కట్ అయినట్టు ఎంట్రీ ఉందేమో వెతకండి. ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, 2 లక్షలు. ముందుగా ఇవ్వరు కానీ, ఏటా జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క కాబట్టి ఆ ఖాతా ఖాళీ చేసి మూసేయకండి.

హౌసింగ్ లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు దాంతోపాటు ఒక బీమా అంటగట్టి ఉంటుంది, లోన్ మొత్తంలో కలిపేస్తారు కాబట్టి చాలామందికి గుర్తుండదు. లోన్ శాంక్షన్ లెటర్, మొదటి స్టేట్‌మెంట్ తీసి చూడండి. కొన్నింటిలో క్రిటికల్ ఇల్‌నెస్ కూడా కవర్ అవుతుంది. అలా ఉంటే లోన్ అక్కడే తీరిపోతుంది, 50 లక్షలు ముట్టుకోవలసిన అవసరమే తగ్గుతుంది.

గాజువాక తమ్ముడు:
అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను, మధ్యలో బావకి కామెర్లు వచ్చి స్టెంటు వేశారు.

మధురవాడ అక్క రాసింది మా అక్క చేత చదివించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత డాక్టరు గారి చేతే చెప్పిద్దామంది. డాక్టరు గారు చెప్పారు. బావ చాలా కోపం తెచ్చుకున్నాడు. మా మీద. "నాకు చెప్పకుండా మీరు ఏజెంటుతో మాట్లాడతారా" అని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను దానికి అర్హుణ్నే అనుకుని ఊరుకున్నాను. మూడో రోజు పిలిచి ఫైల్ తెమ్మన్నాడు.

వెతికితే తేలినవి. క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్ లేదు. హౌసింగ్ లోన్‌తో బీమా ఉంది, హెచ్‌ఆర్ గారు చెప్పినట్టే, కానీ అది మరణానికి మాత్రమే. రాజీనామా చేయలేదు, యజమాని మంచివాడు, రోల్స్ మీద ఉంచుతానన్నాడు. 436 ఎంట్రీ ఉంది. ఎల్‌ఐసీ మీద లోన్ పెట్టాం, ప్రస్తుతానికి ఖర్చులకి అది సరిపోతుంది. టర్మ్ క్లెయిమ్ కూడా పెడదామని బావే అన్నాడు. ఇంటి లోన్ మాత్రం ఆ డబ్బుతో తీర్చొద్దన్నాడు, దానికి విడిగా బీమా ఉంది కదా, రెండుసార్లు ఎందుకు కట్టడం అని. నాకు ఆ ఆలోచన రాలేదు.

ఇప్పుడు కొత్త సమస్య. ఎల్‌ఐసీ పాలసీలో నామినీ బావ వాళ్ల అమ్మగారు. పెళ్లికి ముందు తీసుకున్నది కదా. అక్క పేరు పెట్టించాలా? పెద్దావిడ మాతోనే ఉంటుంది, ఈ మాట ఎలా ఎత్తాలో తెలియడం లేదు. ఇప్పుడు లోన్ తీసుకున్నాం కాబట్టి నామినేషన్ చెల్లుతుందా అసలు?

పాత డీఓ:
చెల్లుతుంది. పాలసీ మీద బీమా కంపెనీ దగ్గరే లోన్ తీసుకుంటే నామినేషన్ రద్దు కాదని 39వ సెక్షన్‌లోనే ఉంది. లోన్ పోను మిగిలింది నామినీకి వెళ్తుంది.

మార్చాలా వద్దా అన్నది మీ బావగారు చెప్పాలి. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీగా ఉంటే డబ్బు ఊరికే తీసుకుని పంచేవాళ్లుగా కాక, తమకే చెందేలా తీసుకుంటారని ఆ సెక్షన్ చెబుతోంది. అంటే అమ్మగారి పేరుంటే అమ్మగారికే. అది అన్యాయమని నేను అనను. కొడుకు పోతే ఆ వయసులో ఆవిడకి ఏం ఆధారం ఉంది? ఇద్దరి పేర్లూ వాటాలు రాసి పెట్టొచ్చు, సగం సగం అయినా, ఇంకోలా అయినా. ఫారం ఒక్కటే, ఆయన సంతకం చాలు, ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు. మీరు ఆ పెద్దావిడ దగ్గర ఈ ప్రస్తావన తేకండి. ఆయననే అడగండి.

కంచరపాలెం కుర్రాడు:
ఇంటి లోన్ విషయంలో మీ బావ చెప్పింది విన్నాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన దగ్గర డబ్బు ఉంటే పిల్లలకి భద్రంగానే ఉంటుంది.

గాజువాక తమ్ముడు:
బావ ఎల్‌ఐసీ అమ్మ పేరునే ఉంచమన్నాడు. టర్మ్ అక్కకి, ఎల్‌ఐసీ అమ్మకి, పీఎఫ్ పిల్లలకీ అక్కకీ అని తేల్చేశాడు. అక్క కూడా సరేనంది.

టర్మ్ క్లెయిమ్ పంపాం. కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఒక సర్టిఫికెట్ బాగానే ఉందట, రెండో డాక్టరు అదే ఆస్పత్రిలో అదే యూనిట్‌వాడు కాబట్టి స్వతంత్రుడిగా లెక్కించబోమన్నారు. ఆయుర్దాయం వాక్యం కూడా స్పష్టంగా లేదట. తిరస్కరించినట్టేనా ఇది?

పెందుర్తి సిస్టర్:
కాదు, ఇంకా అడుగుతున్నారంతే. వేరే ఆస్పత్రిలో ఆంకాలజిస్టుకి (క్యాన్సర్ డాక్టరుకి) రిపోర్టులన్నీ చూపించి సెకండ్ ఒపీనియన్‌గా రాయించుకోండి. బయాప్సీ రిపోర్టు, ఆఖరి సీటీ స్కాన్, స్టెంటు వేసిన డిశ్చార్జ్ సమ్మరీ తప్పనిసరిగా తీసుకెళ్లండి. కామెర్లు రావడం కూడా జబ్బు ఎంత ముదిరిందో చెబుతుంది, ఆ సంగతి సర్టిఫికెట్‌లో ఉండాలి. పేషెంటుని అంబులెన్సులో తిప్పకండి, ముందు ఫోన్ చేసి ఫైల్ చూసి చెప్తారా అని అడగండి.

బీమా చదువరి (సీతమ్మధార):
ప్రతి జవాబూ మెయిల్‌లోనే పంపండి, ఫోన్‌లో తేల్చుకోకండి. ఒకవేళ నిజంగా తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి ఫిర్యాదు పెట్టండి. బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరుకీ చెప్పొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. మీ మొత్తం సరిగ్గా ఆ పరిధిలోనే ఉంది. అంతదాకా రాదనే అనుకుంటున్నాను.

గాజువాక తమ్ముడు:
రెండో సర్టిఫికెట్ దొరికింది, ఆ డాక్టరమ్మ గారు పాలసీ పేరా చదివి మరీ రాశారు. పంపేశాం. జాయింట్ ఖాతా పని మాత్రం మిగిలింది. బావ చెయ్యి వణుకుతోంది, సంతకం పాతదానిలా రావడం లేదు. బ్యాంకువాళ్లు ఒప్పుకుంటారా? కంపెనీ కూడా డిశ్చార్జ్ ఫారం (డబ్బు ముట్టినట్టు సంతకం చేసేది) పంపితే అదే ఇబ్బంది కదా?

పాత డీఓ:
పాత సంతకంలా పెట్టమని ఆయన్ని బలవంతం చేయకండి, రెండు రకాలుగా వస్తే అదే పెద్ద తలనొప్పి. ఎడమ బొటనవేలి ముద్ర వేయించండి. పక్కన "అనారోగ్యం వల్ల సంతకం చేయలేకపోతున్నారు, విషయం చదివి వినిపించాం, అర్థం చేసుకుని ముద్ర వేశారు" అని రాసి ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. బీమా కాగితాలకైతే గెజిటెడ్ ఆఫీసరు గానీ బ్యాంకు మేనేజరు గానీ అటెస్ట్ చేయాలి. నామినీ సాక్షి కాకూడదు, అంటే అక్క వద్దు, మీరు పెట్టండి, పక్క ఫ్లాట్‌వాళ్లని ఇంకొకరిని అడగండి.

పవర్ ఆఫ్ అటార్నీ రాయిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే దాని మీద ఆధారపడకండి. మనిషి స్పృహలో, తెలివిలో లేనప్పుడు అది పనికిరాదు, అవసరం పడేదే అప్పుడు. బ్యాంకు మేనేజరు గారికి డాక్టరు ఉత్తరం చూపించి ఇంటికి ఒక ఆఫీసరుని పంపమని అడగండి. పేషెంటు కదల్లేడంటే వస్తారు. పొద్దుటి పూట రమ్మనండి, మందు వేసుకున్న గంట తర్వాత. ఆధార్, పాన్, ఇద్దరి ఫొటోలు, అక్క కేవైసీ, పాస్‌బుక్కు ముందే టేబుల్ మీద పెట్టుకోండి. పెద్దమ్మాయికి 18 నిండలేదు కాబట్టి పీఎఫ్‌లో పిల్లల పేర్లు పెట్టేటప్పుడు గార్డియన్ గడీలో అక్క పేరు రాయడం మర్చిపోకండి.